నాలుగు వీధుల కూడలి

ఇల్లు కొనేటప్పుడు మన పెద్దలు మొట్టమొదట అడిగే ప్రశ్న "వీధిపోటు ఉందా?" అని. ఎదురుగా వచ్చే వీధి నేరుగా గుమ్మంలోకి దూసుకొచ్చేటట్లుంటే ఆ ఇంటికి కీడని వారి నమ్మకం. 1994లో కాకినాడలో మేము ఇప్పుడున్న ఇల్లు కొన్నప్పుడు మా మామగారు స్థలం నాలుగు మూలలూ తిరిగి చూసి, "ఏ వీధీ గుమ్మానికి ఎదురు లేదు. నిశ్చింతగా తీసుకోండి" అన్నారు. ఆ మాట మీద తీసుకున్నాం.

కాకినాడ వీధులు గళ్ల కాగితం మీది గీతల వలె తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. కొత్తగా వచ్చినవారు కూడా దారి తప్పరని మా ఊరికి పేరు. అయితే నిలువు గీతలను అడ్డగీతలు ఖండించిన ప్రతిచోటా ఒక కూడలి ఏర్పడుతుంది. మా ఇల్లు అటువంటి ఒక కూడలికి వాయవ్య దిశలో, రెండు వీధులు కలిసే మూలన ఉంది. తూర్పు పడమరలుగా సాగే వీధి కొంచెం వెడల్పయినది. ఉత్తర దక్షిణాలుగా సాగేది ఇరుకైనది. మేము వచ్చిన కొత్తలో ఆ రెండింటి మీదా సైకిళ్లు, రిక్షాలు, పాలవాళ్లు, పొద్దున్నే ముగ్గులు వేసే ఆడవాళ్లు తప్ప మరేమీ కనిపించేది కాదు. క్రమంగా పెంకుటిళ్ల స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. బడి బస్సులు, ట్యూషన్లకు పరుగులు తీసే మోటారుసైకిళ్లు, సరుకులు ఇంటికి తెచ్చి ఇచ్చే కుర్రవాళ్ల బళ్లు వచ్చాయి. వీధులు మాత్రం పూర్వపు వెడల్పుతోనే ఉండిపోయాయి.

మా తూర్పు గోడ పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. దాని యజమాని మా కాలనీ మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేస్తాడు. అతని కుమార్తె 2018లో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతుండేది. ఆ ఏడాది సంక్రాంతి సెలవులు ముగిసి కళాశాలలు తెరిచిన రెండవ రోజున, ఉదయం ఎనిమిదిన్నర వేళ, ఆ అమ్మాయి ఉత్తరం వైపు నుంచి సైకిలు మీద వచ్చి కూడలిలో ప్రవేశించింది. అదే క్షణంలో పడమటి నుంచి ఒక మోటారుసైకిలు వచ్చింది. నేను వరండాలో పత్రిక చదువుకుంటున్నాను. బ్రేకు కీచుమన్న శబ్దం, ఆ వెంటనే తండ్రి వేసిన కేక వినిపించాయి. గేటు తీసి వెళ్లేసరికి పుస్తకాలు రోడ్డంతా చెదిరిపడి ఉన్నాయి. అమ్మాయి కుడికాలి ఎముక విరిగింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్న రోజులవి. మోటారుసైకిలు నడిపిన కుర్రవాడు కూడా గాయపడ్డాడు. "అమ్మాయి కనబడలేదండి, నిజంగా కనబడలేదండి" అని వణికిపోతూ వచ్చినవారందరికీ చెప్పాడు. అతని మాట ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ రాత్రే మా కాలనీ యువకులు ఇటుక ముక్కలు, సిమెంటు పోగుచేసి తూర్పు పడమర వీధికి అడ్డంగా ఒక గట్టు వేశారు. వారి ఉద్దేశం మంచిదే. కాని దానికి రంగు లేదు, ముందు హెచ్చరిక లేదు. మూడవ నాటి రాత్రి స్కూటరు మీద వస్తున్న ఒక పెద్దాయన ఆ గట్టు ఎక్కి కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. మర్నాడు గట్టు వేసినవారే పలుగులతో దానిని తవ్వేశారు. ఒక ప్రమాదాన్ని ఆపబోయి మరొక ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నామని అప్పటికి అందరికీ అర్థమయింది.

తరువాతి ఆదివారం మా వరండాలో సమావేశం జరిగింది. నలుగురు కూడినచోట నాలుగు మాటలన్నట్లు, ఒక్కొక్కరిది ఒక్కొక్క మందు. నాలుగు వైపులా స్పీడు బ్రేకర్లు వేయించాలన్నారు ఒకరు. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కావాలన్నారు మరొకరు. ఉదయం, సాయంత్రం ఒక పోలీసును నిలబెట్టమని అర్జీ పెడదామన్నారు ఇంకొకరు. అంబులెన్సులకు, గర్భిణులకు, నడుము నొప్పులవారికి స్పీడు బ్రేకర్లు ఎంత బాధాకరమో మా కాలనీలోని వైద్యులు వివరించారు. స్పీడు బ్రేకరు కావలసినవారందరూ అది పక్కింటివారి ముందు ఉండాలనే కోరుకోవడం గమనించి నాలో నేను నవ్వుకున్నాను. నా గుమ్మం ముందు మాత్రం నాకు కావాలా? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

నా ప్రతిపాదన వేరు. 2016లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లి, టెక్సస్ రాష్ట్రంలోని ఒక పట్టణంలో మూడు నెలలు ఉన్నాను. అక్కడి నివాస వీధుల్లో కొన్ని కూడళ్లలో నాలుగు వైపులా ఎనిమిది పలకల ఎర్రని ఫలకాలుంటాయి. వాటి మీద తెల్లని అక్షరాలతో 'స్టాప్' అని ఉంటుంది. వచ్చిన ప్రతి వాహనమూ పూర్తిగా ఆగుతుంది. ముందు వచ్చినవారు ముందు వెళతారు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవారికి దారి ఇస్తారు. ఒకనాటి రాత్రి పన్నెండు గంటలు దాటాక, చుట్టుపక్కల ప్రాణి లేని వేళ కూడా మా అల్లుడు కారు ఆపి, అటూ ఇటూ చూసి, మళ్లీ నడిపాడు. "ఎవరూ లేరు కదా, నాయనా!" అన్నాను. "లేరని ఆగి చూస్తేనే కదా మావయ్యగారూ తెలిసేది" అన్నాడు. ఆ జవాబు నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. అందుచేత మా కూడలికి కూడా నాలుగు ఎర్రని ఫలకాలు కావాలని రెండు పేజీల అర్జీ నేనే రాసి, అందరిచేత సంతకాలు చేయించి, మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చి వచ్చాను.

పది రోజుల తరువాత ఒక యువ ఇంజనీరు వచ్చింది. అర్జీ అంతా శ్రద్ధగా చదివి, నిదానంగా అడిగింది: "మాస్టారూ, రెండు వీధుల్లో ఏ వీధిన బళ్లు ఎక్కువ? ఏ వేళలో ఎక్కువ? ఇక్కడ ఇంతకుముందు ప్రమాదాలు జరిగాయా? జరిగితే ఏ వైపు నుంచి వచ్చిన బండికి, ఏ వైపు నుంచి వచ్చిన బండి తగిలింది?"

నేను ముప్పై ఏళ్లు కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినవాడిని. కొలవనిదే ఏ సంగతినీ నిర్ధారించవద్దని వేల మంది విద్యార్థులకు చెప్పినవాడిని. ఆమె అడిగిన వాటిలో ఒక్క ప్రశ్నకూ నా దగ్గర సమాధానం లేదు.

ఆమె నన్ను చిన్నబుచ్చలేదు. వరండాలో కూర్చుని ఎన్నో సంగతులు వివరించింది. రోడ్డు గుర్తులు మూడు రకాలు. ఆజ్ఞాపించేవి సాధారణంగా గుండ్రంగా ఉంటాయి. హెచ్చరించేవి త్రికోణాకారంలో, సమాచారం తెలిపేవి దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. ఆజ్ఞాపించే వాటిలో రెండింటికి మాత్రం ప్రత్యేకమైన ఆకారాలున్నాయి. 'ఆగుము' అనే గుర్తుకు ఎనిమిది పలకలు. 'దారి ఇమ్ము' అనే గుర్తు తలకిందులైన త్రికోణం. అక్షరాలు మాసిపోయినా, వెనుక నుంచి చూసినా ఆకారాన్ని బట్టి వాటిని పోల్చుకోవచ్చు. ఆగుము గుర్తు మొదట 1915లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో వెలిసింది. 1923 ప్రాంతంలో దానికి ఎనిమిది పలకల రూపం నిర్ణయించారు. రాత్రివేళ ఎరుపు సరిగా కనిపించదనీ, వెలిసిపోని ఎర్ర రంగు అప్పట్లో దొరకదనీ చాలాకాలం పసుపు పలక మీద నల్లని అక్షరాలే రాసేవారు. 1954లో గాని అది ఎరుపు కాలేదు. నేను అమెరికాలో చూసి మురిసిపోయిన పలక వెనుక ఇంత ఆలోచన, ఇన్ని దిద్దుబాట్లు ఉన్నాయని అంతవరకు నాకు తెలియదు.

"అక్కడ కూడా అడిగిన ప్రతి కూడలిలోనూ ఆ పలకలు పెట్టరు మాస్టారూ" అని ఆమె చెప్పింది. నాలుగు వైపులా ఆగుము గుర్తు పెట్టాలంటే అక్కడి ఇంజనీర్లు వాహనాలను లెక్కపెడతారు. పెద్ద వీధిన గంటకు సగటున 300 వాహనాల చొప్పున రోజులో ఎనిమిది గంటలపాటు రావడం, పన్నెండు నెలల్లో అయిదు ప్రమాదాలు జరగడం వంటి ప్రమాణాలు వారికి ఉన్నాయి. కేవలం వేగం తగ్గించడానికి ఆగుము గుర్తు వాడరాదని వారి నియమావళి స్పష్టంగా చెబుతుంది. కారణం సులభం. అవసరం కనిపించని చోట ఆగమంటే జనం కొన్నాళ్లు ఆగుతారు, ఆ తరువాత మానేస్తారు. ఒకచోట ఆజ్ఞను లెక్కచేయకపోవడం అలవాటైతే, నిజంగా ఆగవలసిన చోట కూడా ఆగరు. గుర్తు ఉందన్న భరోసాతో రోడ్డు దాటేవారికి అది మరింత ప్రమాదం.

"అయితే ఏం చేయమంటావమ్మా?" అన్నాను.

"ముందు మూడు రోజులు లెక్కపెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయింది.

మా వీధిలోని ఇంటర్, డిగ్రీ విద్యార్థులు నలుగురు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. తూర్పు పడమర వీధిలో వెళ్లే వాహనాలు రెండవ వీధికంటే మూడింతలు ఎక్కువని మొదటి రోజే తేలింది. రద్దీ అంతా బడులు, కళాశాలలు తెరిచే వేళలోనే. మిగిలిన పగలంతా కూడలి ప్రశాంతంగా ఉంటుంది. నాలుగు వైపులా ఆగుము ఫలకాలు పెట్టించి ఉంటే మధ్యాహ్నం వేళ ఎవరూ ఆగి ఉండేవారు కాదని నేనే ఒప్పుకున్నాను.

మూడవ రోజు సాయంత్రం పిల్లలు లెక్కలు కూడుతుండగా, ఇస్త్రీ బండి దగ్గర నుంచి ఆ అమ్మాయి తండ్రి మమ్మల్నే చూస్తూ ఉండడం గమనించాను. అతడు ఉదయం ఏడు నుంచి చీకటి పడేవరకు ఆ మూలనే నిలబడతాడు. మా ఊళ్లో ఆ కూడలిని అంతకంటే ఎక్కువగా చూసినవారు లేరు. అయినా వరండాలో జరిగిన సమావేశానికి అతణ్ణి పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. దగ్గరికి వెళ్లి అడిగాను.

"నీకేమనిపిస్తోందయ్యా? ఎందుకు గుద్దుకుంటున్నాయి బళ్లు?"

పెట్టె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చాలాసేపు నేల చూపులు చూశాడు. "నేను చెప్పకూడదండి, మాస్టారూ."

"చెప్పు. పరవాలేదు."

"ఆయ్. అటునుంచి వచ్చే బండి ఈ వీధిలోంచి వచ్చేవాళ్లకి కనబడదండి. మూల దాటాక గాని కనబడదు. ఆ కుర్రోడు చెప్పింది నిజమేనండి. ఇంతకుముందు కూడా నాలుగైదు సార్లు తృటిలో తప్పిందండి." ఒక్క క్షణం ఆగి, "గోడ అడ్డమండి" అన్నాడు.

ఆ గోడ మాది. 2008లో దొంగల భయమని, దుమ్ము భయమని ప్రహరీని ఆరడుగుల ఎత్తుకు పెంచాను. దాని మీదుగా మా ఆవిడ పెంచిన కాగితప్పూల తీగ ఆగ్నేయ మూలన గుబురుగా అల్లుకుని వీధిలోకి వంగి ఉంటుంది. దక్షిణపు గోడ వెంబడి, కూడలికి దగ్గరగా నా కారు నిలిపి ఉంటుంది. ఆ ఇస్త్రీ బండికి మధ్యాహ్నపు నీడ ఆ తీగదే. అతడు నీళ్లు పట్టుకునే కుళాయి మాదే. తన బిడ్డ కాలు విరిగిన తరువాత కూడా అతడు ఆ మాట నాతో ఎందుకు అనలేకపోయాడో నాకు వెంటనే అర్థమయింది. ఆ అర్థం కావడం ఎంతో బాధ కలిగించింది.

మర్నాడు ఇంజనీరు టేపు తెచ్చింది. సైకిలు మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తున నిలబడి, ఆ అమ్మాయి వచ్చిన దారిలో నడుచుకుంటూ, పడమటి నుంచి వచ్చే బండి ఎంత దూరాన కనిపిస్తుందో కొలిపించింది. కూడలి అంచుకు వచ్చాక కూడా పన్నెండు మీటర్లకు మించి కనిపించలేదు. ఆపైన ఆమె నాకేమీ చెప్పనవసరం లేకపోయింది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక సెకనులో 8 మీటర్లకు పైగా సాగుతుంది. అపాయాన్ని చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి మనిషికి రెండున్నర సెకన్లు పట్టవచ్చునని మన రోడ్ల ప్రమాణాలు లెక్కగడతాయి. ఆ కాలంలోనే బండి 20 మీటర్లు దాటిపోతుంది. అందుకే ఆ వేగానికి కనీసం 30 మీటర్లు, 40 కిలోమీటర్ల వేగానికి 45 మీటర్లు ముందుచూపు ఉండాలంటారు. మా మూల ఇచ్చిన ముందుచూపు పన్నెండు మీటర్లు. ఆ కుర్రవాడు బ్రేకు వేయాలని అనుకునే లోపలే జరగవలసింది జరిగిపోయింది. ఈ లెక్కను నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు చేసి చూపించానో! నా గోడ దగ్గర ఒక్కసారి చేసి చూసుకోలేదు.

ఇంటికి వీధిపోటు ఉంటుందని మా మామగారు చూసుకున్నారు. వీధికి ఇంటిపోటు ఉండవచ్చునని మాలో ఎవరూ అనుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో సంగతి చెప్పాను. తీగ సంగతి ఎలా ఎత్తాలా అని సంకోచిస్తుంటే ఆమే అంది: "గోడ ఎత్తు పెంచేటప్పుడు వద్దని నేను చెప్పలేదా? వీధి కనబడకుండా పోతుందన్నాను. మీరు వినలేదు. తీగదేముందండీ, కొమ్మ ఒకటి తీసి పెరట్లో పాతుకుంటాను. రేపే మేస్త్రీని పిలవండి." ఆగ్నేయ మూల తెగితే వాస్తు చెడుతుందని దగ్గరి బంధువు ఒకరు ఫోను చేసి హెచ్చరించారు. వీధి మూలల్లోని స్థలాలకు ప్రహరీ మూలను ఏటవాలుగా వదిలిపెట్టాలని భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉందని అప్పటికి ఇంజనీరు నాకు చెప్పింది. నేను వాస్తు కంటే ముందు ఆ నిబంధనను ఉల్లంఘించినవాణ్ణి. వారం తిరగకుండా మూల గోడను ఏటవాలుగా తీయించి, మిగిలినదాని ఎత్తు మూడడుగులకు తగ్గించాను. కూడళ్ల దగ్గర వాహనాలు నిలపరాదన్న నియమం గుర్తు చేసుకుని కారును ఆవరణలోకి మార్చాను.

అప్పుడు గుర్తుల సంగతి తేలికగా తేలింది. గుర్తులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలన్నది మన దేశంలోని నియమం. అది తెలిసినవారు తక్కువ. అందుచేత చిన్న వీధికి రెండు వైపులా తలకిందులైన త్రికోణపు ఫలకాలు, వాటి దగ్గర రోడ్డు మీద తెల్లని గీతలు ఏర్పాటు చేశారు. ఆగనవసరం లేదు, కాని నెమ్మదించి, చూసి, పెద్ద వీధిన వచ్చేవారికి దారి ఇచ్చి వెళ్లాలి. పెద్ద వీధిన ఒక స్పీడు బ్రేకరు వేశారు. యువకులు వేసిన గట్టు వంటిది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తున, 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా ఎక్కి మెల్లగా దిగేటట్లు ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి కుదుపు తెలియదు. దాని మీద తెల్లని చారలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక ఫలకం ఉన్నాయి. అది మా దక్షిణపు గేటు ముందే వచ్చింది. నేను కాదనలేదు.

2022లో మన దేశంలో జరిగిన 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. అంత పెద్ద అంకెను చూసినప్పుడు మన చేతిలో ఏముందిలే అనిపిస్తుంది. మరుక్షణం నా గోడ జ్ఞాపకం వస్తుంది. ఆ లక్షల ప్రమాదాల వెనుక ఎన్ని గోడలు, ఎన్ని తీగలు, ఎన్ని అడ్డదిడ్డంగా నిలిపిన వాహనాలు ఉన్నాయో! వాటి యజమానులు కూడా నావలెనే వరండాలో కూర్చుని, వేగంగా నడిపే కుర్రవాళ్లను తిట్టుకుంటూ ఉండవచ్చు.

ఆ అమ్మాయి మార్చిలో పరీక్షలు రాయలేకపోయింది. వేసవిలో రాసి ఉత్తీర్ణురాలయింది. ఆ మూడు నెలలూ సాయంత్రం పూట మా వరండాలోనే భౌతికశాస్త్రం చదువుకుంది. వేగం, త్వరణం అనే పాఠం వచ్చినప్పుడు మా మూల గోడ లెక్కనే ఉదాహరణగా తీసుకున్నాను. తలవంచుకుని చేసింది. తప్పు రాలేదు. మోటారుసైకిలు కుర్రవాడి ఇంటికి కూడా వెళ్లి, అతని మాట నమ్మనందుకు క్షమించమని అడిగి వచ్చాను.

తీగ పోవడంతో ఇస్త్రీ బండికి నీడ పోయింది. గోడ లోపలి వైపు, చూపుకు అడ్డురాని చోట రేకుల పందిరి వేయించి బండిని అక్కడికి మార్చుకోమన్నాను. కాలనీ సమావేశాలకు అతడు ఇప్పుడు తప్పకుండా వస్తాడు. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మా మాటలు నచ్చకపోతే నచ్చలేదనే చెబుతున్నాడు.

మన భాషలో గుర్తు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చిహ్నం. రెండవది జ్ఞాపకం. వీధి చివర నిలబడిన ఆ తలకిందుల త్రికోణం రెండు పనులూ చేస్తుంది. అటువైపు నుంచి మరొక మనిషి వస్తూ ఉండవచ్చునని అది మనకు గుర్తు చేస్తుంది. ఉదయం ఎనిమిదిన్నర వేళ వరండాలో కూర్చుంటే ఇప్పుడు నాకు నాలుగు వీధులూ కనిపిస్తాయి. ఉత్తరం వైపు నుంచి వచ్చే సైకిళ్లు ఆ ఫలకం దగ్గర నెమ్మదిస్తాయి. పిల్లలు కుడివైపుకు తల తిప్పి చూస్తారు. దూరాన వచ్చే బండి వారికి కనిపిస్తుంది.